మిణుకు వెలుగునూ బీపీనీ కలిపి కొలవడం ఎలా?

ఎల్ఈడీ వేగంగా వెలిగి ఆరుతుంటే, ఒక దశ దాటాక కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. చాలామందికి ఆ దశ 35–50 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు వెలిగి ఆరడం) మధ్య వస్తుంది. బీపీతో పాటు ఈ అంకె కదులుతుందేమో చూడాలంటే రెండూ ఒకేసారి కూర్చుని కొలవాలి. మూర్ఛ (ఫిట్స్), మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈ జోలికి పోవద్దు.

ముందు దీపం. ఆర్డుయినో ఉనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) 8వ పిన్ నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, దాని నుంచి తెల్ల ఎల్ఈడీ పొడుగు కాలు; పొట్టి కాలు గ్రౌండ్‌కి. నల్ల అట్టకు 1 సెం.మీ. రంధ్రం చేసి, వెనక తెల్ల కాగితం అంటించి ఎల్ఈడీ ముందు పెట్టండి. మిణుకు వేగాన్ని ‘టోన్’ కమాండ్‌తో మార్చొచ్చు. ఉనోలో అది 31 హెర్ట్జ్ కంటే కిందికి దిగదు, అదీ మంచిదే: మూర్ఛను రేపే ప్రమాదం ముఖ్యంగా 15–25 హెర్ట్జ్ మధ్య. ఫోన్ తెర పనికిరాదు, దాని రిఫ్రెష్ రేటే (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ వేగం) అడ్డొస్తుంది.

తర్వాత బీపీ. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) గుండె ఎత్తులో ఉండాలి. బిగుతైన చిన్న కఫ్ అయితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి.

లేవకుండానే, 50 సెం.మీ. దూరం నుంచి రంధ్రాన్ని చూడండి. 60 నుంచి ఒక్కో హెర్ట్జ్ తగ్గిస్తూ మిణుకు మొదలైన చోట ఆపి రాయండి. మళ్లీ 31 నుంచి పెంచుతూ మిణుకు పోయిన చోట రాయండి. ఇలా మూడేసి సార్లు చేసి ఆరింటికీ సగటు తీయండి. ఒకవైపు నుంచే చేస్తే, అప్పటిదాకా చూసిందే ఇంకా కనిపిస్తోందని మనసు సర్దుకుపోతుంది. చూపు అటూ ఇటూ కదిలితే చుక్కల వరస కనబడి లెక్క తప్పుతుంది. 31 దగ్గరే నిలకడగా ఉంటే వెలుగు చాలట్లేదన్నమాట, పల్చటి కాగితం పెట్టండి.

అసలు తంటా వెలుగుతోనే. వెలుగు పెరిగితే ఈ అంకె కూడా పెరుగుతుంది. నిన్న ఒక పొర కాగితం, ఈరోజు రెండు పొరలైతే బీపీ కదలకున్నా అంకె పడిపోతుంది. అలసట, గది వెలుతురు కూడా అంతే.

ఈ అంకెను బట్టి బీపీ చెప్పలేం. ఒత్తిడి కొంత అటూ ఇటూ అయినా రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) రక్తనాళాలు తమను తాము సర్దుకుని రక్తాన్ని సమంగా అందిస్తాయి. మిణుకు వెలుగు పడితే అవి కాస్త వెడల్పవుతాయి. దీర్ఘకాలం బీపీ ఉన్నవాళ్లలో ఆ వెడల్పు తగ్గుతుంది. అది కంటి లోపలి నాళాలను కొలిచే పరికరానికే తెలుస్తుంది, మన ఎల్ఈడీకి కాదు. దీన్ని చూసి మాత్రల మోతాదు మార్చకండి. బీపీ 180/120 దాటి, చూపు హఠాత్తుగా మసకబారినా మెరుపులు కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.