రెండు ఊళ్లు, ఒక ఇత్తడి గంగాళం: మీ ఊళ్లో డేవిస్ కప్ లాంటి పోటీ పెట్టుకోవడం ఎలా

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. పొద్దున్నే ఐదున్నరకి టెన్నిస్ రాకెట్ తగిలించుకుని కోర్టుకి పోవడం ఏడేళ్ల అలవాటు. ఆట అంతంత మాత్రమే. మా జట్టులో ఆరుగురుంటే నాది ఆరో నంబరు. కానీ ఏటా చిత్తూరు వాళ్లతో జరిగే మా పోటీకి కాగితం మీది లెక్కలన్నీ నావే. రెండేళ్లు తప్పు లెక్క వేశాను, మూడో ఏడు కుదిరింది. మీరు పెట్టుకోవాలనుకుంటే నేరుగా మూడో ఏడు నుంచే మొదలుపెట్టొచ్చు.

ముందు కావాల్సింది ఎదుటి ఊరు. కోర్టు, బంతులు, కప్పు అన్నీ దాని తర్వాతే. మొదట మా క్లబ్బులోనే ఎర్ర జట్టు, నీలం జట్టు అని చీలిపోయి ఆడి చూశాం. రెండో గేముకే ఎర్రవాళ్లు నీలంవాళ్ల షాట్లకి చప్పట్లు కొట్టేశారు. రోజూ కలిసి టీ తాగే మనుషుల మధ్య పోరు ఎక్కడినుంచి వస్తుంది? చిత్తూరుతో అయితే వేరు. 2022 ఏప్రిల్ దాకా మాదీ చిత్తూరు జిల్లాయే. కలెక్టరాఫీసులో ఏ చిన్న పనున్నా డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోయి చెట్టుకింద నిలబడినవాళ్లం. జిల్లా వేరయ్యాక మొదటిసారి ఆడడానికొచ్చిన చిత్తూరు లాయరు గారు కారు దిగుతూనే అన్న మాట ఇది: "ఏం సార్, మీకు సొంత కలెక్టరు వచ్చినాడు సరే, సొంత బ్యాక్‌హ్యాండ్ ఎప్పుడొస్తాది?" పోటీ ఆ నిమిషంలోనే మొదలైపోయింది. మీకూ పక్కన అలాంటి ఊరొకటి ఉండే ఉంటుంది, వెతకండి.

ఎదుటి ఊరు ఇంత అవసరం ఎందుకంటే, టెన్నిస్ మామూలుగా ఒంటరి ఆట. ఆడేవాడు ఓడితే ఓటమి వాడిదే, ఇంటికి మోసుకుపోయేదీ వాడే. 1900లో బోస్టన్‌లో అమెరికా, బ్రిటన్ కుర్రాళ్ల మధ్య మొదలైన డేవిస్ కప్, అంటే దేశాల జట్లు తలపడే పోటీ, ఈ ఒంటరితనం మీదే దెబ్బ కొట్టింది. కోర్టు పక్కన కెప్టెన్‌కి కుర్చీ వేసింది, బెంచీ మీద జట్టును కూర్చోబెట్టింది. అప్పట్నుంచి ర్యాంకులు తల్లకిందులవుతూనే ఉన్నాయి. 1995లో ఢిల్లీ గడ్డి కోర్టు మీద లియాండర్ పేస్ రెండు సెట్లు పోగొట్టుకుని కూడా క్రొయేషియా ఆటగాడు ఇవానిసెవిచ్‌ని ఓడించాడు. మామూలు టోర్నమెంటులో ఆ ఇద్దరూ తగిలుంటే ఇవానిసెవిచ్ మీదే అందరూ పందెం కాసేవాళ్లు. 1966లో కలకత్తాలో రామనాథన్ కృష్ణన్ కూడా అంతే, బ్రెజిల్ ఆటగాడు కోక్ మీద ఒకటికి రెండు సెట్లతో వెనకబడి గెలిచి ఇండియాని ఫైనల్‌కి చేర్చాడు. మీ జట్టులో నా లాంటి ఆరో నంబరు ఉంటే ఈ రెండు కథలూ ముందే చెప్పి ఉంచండి.

తేదీ సంగతి. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్ని నమ్మలేం. వైకుంఠ ఏకాదశికి, రథసప్తమికి ఊళ్లోకి కారు రాదు, వచ్చినా నిలబెట్టే చోటు దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో సిమెంటు కోర్టు మీద బూటు అడుగు కరుగుతుందేమో అనిపిస్తుంది. మిగిలేది ఫిబ్రవరి. అప్పుడు మాఘమాసం ముహూర్తాలుంటాయి కాబట్టి పంచాంగం చూసి, పెళ్లిళ్లు లేని శని ఆదివారాలు పట్టుకోండి. మొదటి ఏడు చిత్తూరు వాళ్ల రెండో నంబరు ఆటగాడు మేనల్లుడి పెళ్లిలో ఉండిపోయాడు. ఇప్పటికీ ఆ ఏడు తాము ఓడలేదనే వాదిస్తారు వాళ్లు.

ఇక అసలు విషయం, పాయింట్ల లెక్క. మొదటి ఏడు నేను వేసింది చాలా అమాయకమైన లెక్క. ఐదు సింగిల్స్, ఒకటో నంబరుకి ఒకటో నంబరు, రెండుకి రెండు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా మేం 3-0. నాలుగో ఆట ఆడాల్సిన మా పాలకేంద్రం ఆయన అప్పుడే లేసులు కట్టుకుంటున్నాడు. తల ఎత్తి, "ఇంక నేను దేనికి సార్ ఆడేది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డేవిస్ కప్ భాషలో ఒక్కో మ్యాచ్‌ని రబ్బర్ అంటారు, ఫలితం తేలిపోయాక ఆడేది డెడ్ రబ్బర్. ఐదింట్లో మూడు గెలిస్తే చాలు అన్న ఏ పద్ధతిలోనైనా ఈ శవం ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది.

రెండో ఏడు పాత డేవిస్ కప్ పద్ధతే దించాను. రెండు సింగిల్స్, ఒక డబుల్స్, మళ్లీ ప్రత్యర్థుల్ని మార్చి రెండు సింగిల్స్. 2018 దాకా పెద్ద జట్లన్నీ అలాగే ఆడాయి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, ఐదు సెట్ల మ్యాచ్‌లు. తర్వాత దాన్ని మూడు సెట్లకి కుదించేశారు, నాకైతే ఇప్పటికీ మింగుడు పడలేదు. కానీ ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. ఒక్క మొనగాడు ఉంటే మొత్తం వాడే లాగేస్తాడు. 2015లో బెల్జియం మీద ఫైనల్లో ఆండీ ముర్రే రెండు సింగిల్సూ గెలిచి, అన్న జేమీతో కలిసి డబుల్స్ కూడా గెలిచాడు. బ్రిటన్‌కి 79 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది. టీవీలో చూడ్డానికి అద్భుతమే. మా ఊళ్లో జరిగిందేమిటంటే, మా ఒకటో నంబరు మెడికల్ కాలేజీ కుర్రాడు రెండు సింగిల్సూ, డబుల్సూ ఆడేశాడు, మేం ముగ్గురం నీళ్ల సీసాలు అందించాం. ఇంటికెళ్తే మా ఆవిడ "గెలిచారా?" అని అడిగింది. "గెలిచాం" అన్నాను. "మీరు ఆడారా?" అంది. ఊరుకున్నాను.

మూడో ఏడు లేవర్ కప్ లెక్క పట్టుకున్నాను. 2017లో ప్రాగ్‌లో మొదలైన పోటీ అది, యూరప్ జట్టుకీ మిగతా ప్రపంచం జట్టుకీ మధ్య. మొదటి రోజు ఒక్కో గెలుపుకి 1 పాయింటు, రెండో రోజు 2, మూడో రోజు 3. రోజుకి నాలుగు మ్యాచ్‌లు, మొత్తం 24 పాయింట్లు, ముందు 13 చేరినవాళ్లది కప్పు. ఇందులో కిటుకు చూడండి. ఒకటీ రెండూ కలిపితే మూడు. అంటే చివరి రోజు పాయింట్లు, ముందు రెండు రోజుల పాయింట్లు సరిగ్గా సమానం. రెండు రోజులూ అన్నీ గెలిచినా 12 దగ్గరే ఆగాలి. మూడో రోజు పొద్దున లేచేసరికి పోటీ చచ్చిపోయి ఉండడం అసాధ్యం. ఈ కూడిక తట్టినప్పుడు నేను స్టాఫ్ రూములో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

దాన్ని మా ఆరుగురికి ఇలా కుదించాను. శనివారం సాయంత్రం మూడు సింగిల్స్, ఒక్కోటి 1 పాయింటు. ఆదివారం పొద్దున మిగతా ముగ్గురి సింగిల్స్, ఒక్కోటి 2. ఆదివారం సాయంత్రం మూడు డబుల్స్, ఒక్కోటి 3. మొత్తం 18, గెలవడానికి 10. ప్రతివాడూ కచ్చితంగా ఒక సింగిల్స్, ఒక డబుల్స్ ఆడతాడు. 9-9 అయితే ఒక్క పది పాయింట్ల టైబ్రేక్. ప్రతి మ్యాచ్ ఒకటే సెట్, డ్యూస్, అంటే 40-40 వస్తే తర్వాతి పాయింటే గేము. అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ వాళ్లు 1974లో మొదలుపెట్టిన వరల్డ్ టీమ్ టెన్నిస్‌లో అడ్వాంటేజ్ (డ్యూస్ తర్వాత వరసగా రెండు పాయింట్లు గెలవాలన్న నియమం) తీసేశారు, టైమ్ కలిసొస్తుంది. మీకు రెండు కోర్టులున్నా ఒక్కదాని మీదే ఆడండి. పన్నెండు మందీ ఒకే మ్యాచ్ చూడకపోతే మీరు పడ్డ తంటా అంతా దండగ.

ఎవరు ఎప్పుడు ఆడాలన్నది చీటీల మీద రాసి ఇద్దరు కెప్టెన్లూ ఒకేసారి మార్చుకోవాలి. ఒకరు ముందిస్తే రెండోవాళ్లు చూసి మార్చేస్తారు, అనుభవం మీద చెబుతున్నాను. డబుల్స్ చీటీలోనే అసలు బుర్ర పెట్టాలి. ఆరుగురిని మూడు జంటలు చెయ్యడానికి 15 దారులున్నాయి. ఇద్దరు మొనగాళ్లని ఒకచోట పెడితే 3 పాయింట్లు ఖాయం, మిగతా 6 గాల్లో దీపం. గట్టివాడికి మెత్తవాణ్ణి తగిలించడమే మేలని నా లెక్క. జంట బయట ఎలా ఉంటారన్నది పట్టించుకోకండి. పేస్, భూపతి మధ్య ఎన్ని పొరపొచ్చాలొచ్చాయో దేశమంతా చూసింది. అయినా డేవిస్ కప్‌లో వరసగా 24 డబుల్స్ గెలిచారు. 2010లో చెన్నైలో బ్రెజిల్ మీద మనం 0-2తో మునిగిపోతుంటే ఆ ఇద్దరి డబుల్సే నిలబెట్టింది, మర్నాడు 3-2తో బయటపడ్డాం.

కెప్టెన్‌గా బాగా ఆడేవాణ్ణి పెట్టకండి, బాగా చూసేవాణ్ణి పెట్టండి. మా కెప్టెన్ మెడికల్ షాపు అన్న. ఆదివారం పొద్దున పాలకేంద్రం ఆయన 1-4లో ఉన్నాడు. ఎండ్ మారేటప్పుడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు, మోకాళ్లు వణుకుతున్నాయి. అన్న గ్రిప్ గురించి, ఫుట్‌వర్క్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. తడి తువ్వాలు మెడ మీద వేసి, రెండు గుటకల నీళ్లు తాగించి, చెవి దగ్గరికొచ్చి, "ఆ పక్క ఎండ కంట్లో పడతా ఉంది. లాబ్ ఎయ్యి, అంతే" అన్నాడు. నెత్తి మీదుగా ఎత్తుగా లేపిన మొదటి లాబ్‌కి చిత్తూరు ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచి నడిచి కంచెకి తగిలాడు. 6-4తో మావాడు గెలిచాడు.

కోర్టు ఎవరిదైతే బంతులూ వాళ్లవే, నేల గురించి ఏడవకూడదు అని ముందే ఒప్పుకోండి. ఏడాది మార్చి ఏడాది ఊరు మారాలి. 1987లో ఢిల్లీ గడ్డి మీద అర్జెంటీనాని ఓడించి, ఫైనల్‌కి చేరితే, స్వీడన్ వాళ్లు గోథెన్‌బర్గ్‌లో లోపల మట్టి కోర్టు వేసి మనల్ని 5-0 కొట్టి పంపారు. ఆతిథ్యం అంటే అదే. మాది సిమెంటు, వాళ్లది మట్టి. వాళ్ల దగ్గర బంతి నిద్రపోయి లేస్తుంది.

లైన్ కాల్ గొడవలు తప్పవు. అంపైర్ లేడు, కెమెరా లేదు. మా దగ్గర ఒకే నియమం: నీ వైపు పడ్డ బంతికి మాట నీదే, కానీ ఎదుటివాడు "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని ఒక్కసారి అడగొచ్చు. వినాయకుడి పేరెత్తాక నూటికి తొంభైమంది "సరే, మళ్లీ ఆడదాం" అంటారు. చిత్తూరు వాళ్లకి ఆ గుడి ఇంటి దగ్గరే కాబట్టి వాళ్లకి భయం కాస్త తక్కువేమోనని నా అనుమానం.

కప్పు కొనకండి. డేవిస్ కప్ నిజానికి వెండి గిన్నె, దాని కింది పీఠం మీద గెలిచిన జట్ల పేర్లుంటాయి. మేం చిన్న ఇత్తడి గంగాళం కొన్నాం. పాత్రల మీద పేర్లు కొట్టే మిషను ఏ అంగట్లో అయినా ఉంటుంది. ఆరుగురి పేర్లూ పడాలి, ఓడినవాడిది కూడా.

మూడో ఏడు ఏమైందో చెప్పలేదు కదూ. మూడో డబుల్స్ దిగేసరికి మాకు 8, వాళ్లకి 7. కోర్టులో నేనూ పాలకేంద్రం ఆయనా, అవతల లాయరు గారూ ఇంకో కుర్రాడూ. లైట్లు వేశారు. కంచె పట్టుకుని మిగతా ఎనిమిది మందీ అరుస్తున్నారు, మా ఆవిడ కూడా వచ్చింది. ఐదు-ఆరులో, డ్యూస్ మీద, తేలిగ్గా భుజం ఎత్తున వచ్చిన బంతిని నెట్‌కి కొట్టాను. 7-5. గంగాళం కారు డిక్కీలో చిత్తూరు పోయింది.

వారానికి లాయరు గారు ఫోన్ చేశారు. పేర్లు కొట్టించడానికి అంగడికి పోతే, "పెళ్లికా సార్, గృహప్రవేశానికా?" అని అడిగారట. ఆరు పేర్లూ ఒక పక్కనే సర్ది కొట్టించారట. "రెండో పక్క మీ తిరుపతోళ్లకి జాగా వదిలించినా సార్. నిదానంగా రాండి, తొందరేం లేదు."