వాదం విప్పి చూద్దాం – 4వ పాఠం: తడి కట్టె ఎక్కడుంది?

ముందు పోయిన పాఠం ఇంటిపని సంగతి. హైదరాబాద్ చుట్టం మే నెలలో ఫోన్ చేసి "మాకు 41 డిగ్రీలు, మీ వైజాగ్‌లో 34 అటగా, మీకేం, హాయి" అంటాడు. ఇందులో అతను పైకి చెప్పని మాట ఏది? "34 కాదు, 36" అని మొదలుపెట్టినవాళ్లు, సారీ, ఒకటో పాఠానికి వెళ్లండి. అంకెలు రెండూ నిజమే అనుకోండి. అతను చెప్పకుండా మన చేత మింగించింది "అంకె తక్కువైతే ఒంటికి హాయి" అనే మాట. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గాని తొందరగా ఆరదు, ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అందుకే జగదాంబ జంక్షన్‌లో మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవాడికి ఆ 34 వల్ల ఒరిగేదేమీ లేదు.

దాగిన మాటని పట్టుకోవడం మీకు వచ్చేసింది. దాన్ని ఏం చెయ్యాలన్నదే ఈ పాఠం.

చాలామంది వెంటనే "ఇది నిజమా, అబద్ధమా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో పెద్దగా పని జరగదు, ఎందుకంటే మనుషులు వాదాల్లో దాచే మాటలు సగం సమయాల్లో నిజమే అవుతాయి, అందుకే అవి అంత ధైర్యంగా దాక్కుంటాయి. అడగాల్సింది ఇంకోటి. మన తర్కశాస్త్రం వాళ్లు ఎప్పుడో అడిగారు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు, ఇది అందరికీ తెలిసిన ఉదాహరణే. తిరగేసి చూడండి: నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందా? తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు (మన తెలుగువాడే) ఇక్కడ ఎర్రగా కాల్చిన ఇనుప గుండుని ముందుపెడతాడు. నిప్పుంది, పొగ లేదు. ఉక్కునగరం (మన స్టీల్‌ప్లాంట్ కాలనీ) వాళ్లకి ఈ ఉదాహరణ విడమరిచి చెప్పక్కర్లేదు, నారింజ రంగులో మండిపోయే ఉక్కు కడ్డీలు చూసినవాళ్లు వాళ్లు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉండాలి. చెప్పకుండా వదిలేసిన ఈ షరతునే వాళ్లు "ఉపాధి" అన్నారు (ఉద్యోగం కాదు, కంగారు పడకండి). నేను మాత్రం తడి కట్టె అనే అంటాను, బుర్రలో ఉండిపోతుంది.

ఇప్పుడు మా పెదనాన్న దగ్గరికి వద్దాం. ఆయన వైజాగ్ దగ్గర ఆనందపురం వైపు ఒక స్థలం బిట్టు చూశాడు, 20 లక్షలు. "రోడ్డు పడ్డ చోటల్లా రేటు పెరిగింది, ఇక్కడా రోడ్డు పడుతోంది, ఇంకా ఏట్రా ఆలోచన?" అంటాడు. "ఎక్కడ పెరిగింది పెదనాన్నా?" అని గొడవకి దిగొచ్చు, కానీ ఆయన పది ఊళ్ల పేర్లు చెప్తాడు, పదీ నిజమే. తడి కట్టె అడిగాను. ఆ పది చోట్లా రోడ్డు మీంచి స్థలంలోకి దిగే దారి ఉందా? ఉంది. ఇక్కడ? రోడ్డు మనిషెత్తు కట్ట మీద పోతోంది, ఈ వైపు సర్వీసు రోడ్డు లేదు. అంటే లారీల దుమ్ము మనకి, రేటు ఇంకెవరికో.

ఈలోగా బ్రోకరు "సార్, రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకుందామా, కార్తీకంలోనా?" అన్నాడు. ఇక్కడ ఆగండి, ఇది అతి తెలివైన ప్రశ్న. ఏ నెల చెప్పినా కొంటున్నామని ఒప్పుకున్నట్టే. తర్కంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది: "ఆకాశంలో పూసిన తామర వాసన వేస్తుంది, తామర కాబట్టి." వాసన గురించి ఎంతసేపు కొట్టుకున్నా, అసలు ఆకాశంలో తామరేదీ? మా పెదనాన్న, బ్రోకరు కలిసి ఇరవై నిమిషాలు మూఢం గురించి మాట్లాడుకున్నారు. లింకు డాక్యుమెంట్లు అప్పటికి ఎవ్వరూ చూడలేదు!

ఇక చాలామందికి చేతకాని పని: ఒప్పుకోవడం. ప్రతి మాటనీ ప్రశ్నించేవాడితో ఎవరూ మాట్లాడరు, నేను ఆ దశలో ఓ రెండేళ్లున్నాను, చుట్టాలు పెళ్లి కబుర్లు కూడా చెప్పడం మానేశారు. గౌతముడి (బుద్ధుడు కాదు, తర్కశాస్త్రం చెప్పిన ముని) న్యాయసూత్రాల్లో అభ్యుపగమ సిద్ధాంతం అని ఉంది. ఎదుటివాడి మాటని పరీక్షించకుండానే ప్రస్తుతానికి ఒప్పుకుని, దాని మీద ఏం నిలబడుతుందో చూడటం. నేను అదే చేశాను. "సరే పెదనాన్నా, రోడ్డు సంగతి వదిలెయ్, నువ్వన్నట్టే స్థలం రేటు ఐదేళ్లలో రెట్టింపవుతుందనే అనుకుందాం." ఆయన మొహం వెలిగింది. డబ్బు మొత్తం అప్పే, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24, ఐదేళ్లకి 120. చక్రవడ్డీ వెయ్యకపోయినా 20 లక్షల అప్పు 44 లక్షలవుతుంది. స్థలం 40. ఆయన మాట అక్షరాలా నిజమైనా 4 లక్షలు పోతాయి.

ఒక్క జాగ్రత్త. "అనుకుందాం" అన్న మాట పైకి వినపడేలా అనండి, కుదిరితే రెండుసార్లు. లేకపోతే మర్నాడు "నువ్వే ఒప్పుకున్నావుగా రెట్టింపవుతుందని" అంటారు.

పెదనాన్న కాసేపు కాగితం మీద అంకెలు చూసి "అయితే చిట్టీ పాడేస్తే?" అన్నాడు. చూశారా, ముగింపు కదల్లేదు, కింద ఆధారం మారింది. దీని గురించి 5వ పాఠంలో.

ఇంటిపని: ఎవరి మీదో పుకారు వచ్చింది, మీ పక్కింటాయన "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అన్నాడు. ఆ సామెతని ఒప్పుకునే జవాబివ్వండి. చిన్న సాయం చేస్తాను: డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగిలో కొండల మీద తెల్లగా లేచేది ఏమిటి?