సముద్రతీరపు కాటేజీలో కుక్కతో సెలవులు గడపడం ఎలా?

కాటేజీ బుక్ చేసుకునే ముందే యజమానిని మూడు సంగతులు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి: పెరటికి అన్ని వైపులా ప్రహరీ ఉందా, కుక్కను ఇంట్లో ఒంటరిగా వదలవచ్చా, తీరంలోకి కుక్కలను ఏయే వేళల్లో రానిస్తారు. కొన్ని తీరాల్లో రద్దీ నెలల్లో పగటిపూట కుక్కలకు ప్రవేశమే ఉండదు.

సామాను సులభం. రోజూ తినే ఆహారం, గిన్నెలు, టీకాల పత్రం, పొడవాటి తాడు, పాత తువ్వాళ్లు, మీ ఫోన్ నంబరున్న మెడపట్టీ చాలు. పడక మాత్రం ఉతకకుండా తీసుకెళ్లండి. సెలవుల కోసం కొత్త పరుపు కొనడం శుద్ధ దండగ, ఎందుకంటే పరాయి ఇంట్లో కుక్కకు ధైర్యమిచ్చేది తన సొంత వాసనే.

వెలుతురు ఉండగానే చేరుకొని, తాడు విప్పకుండా గదులూ పెరడూ తిప్పి చూపించండి.

ఇక అందరూ చెడగొట్టే దశ, కుక్కను ఒంటరిగా వదలడం. చేరిన సాయంత్రమే తలుపు వేసి భోజనానికి వెళ్లిపోతారు. తిరిగి వచ్చేసరికి తలుపు నిండా గోళ్ల గీతలు, ఇరుగుపొరుగు ఫిర్యాదులు. మొదటి రోజు ఒంటరిగా వదలకూడదు, అంతే. ఇంట్లో ఎంత బుద్ధిగా ఉండే కుక్కకైనా ఇక్కడి గాలి హోరు, అలల చప్పుడు కొత్తవి. పైగా మీరు తిరిగి వస్తారన్న నమ్మకం దానికి ఈ గుమ్మంతో ఇంకా ముడిపడలేదు.

రెండో రోజు, బాగా నడిపించి తిండి పెట్టాక, దాన్ని పడక మీద ఉంచి మీరు పక్క గదిలో కూర్చోండి. అది కుదురుగా ఉంటే ఒక్క నిమిషం బయటికి వెళ్లి, మొరగడం మొదలుపెట్టక ముందే లోపలికి రండి. తర్వాత ఐదు నిమిషాలు, ఆ తర్వాత పావుగంట. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు, వచ్చాక హడావుడి వద్దు. అది ఎండ లేకుండానే రొప్పుతున్నా, చొంగ కారుస్తున్నా, ఇష్టమైన తిండిని ముట్టకపోయినా అది భయమే తప్ప మొండితనం కాదు. తిట్టకుండా, వ్యవధి తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. రేడియో పెట్టి వెళ్తే సరిపోతుందనే సలహా నాకు నచ్చదు, ఎందుకంటే అది మీకు మొరుగు వినబడకుండా చేస్తుందే కాని భయాన్ని తీర్చదు. అలవాటు లేని బోనును ఇక్కడ మొదటిసారి వాడకండి. అద్దాలు కాస్త దించినా కారు నిమిషాల్లోనే ప్రమాదకరంగా వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని కారులో వదిలే ఆలోచనే రానివ్వకండి. కుక్క కుదురుకోకపోతే, ఆ సెలవులకు భోజనం కాటేజీలోనే చేయండి.

తీరానికి మంచినీళ్లు తీసుకెళ్లి తరచూ తాగించండి, దాహంతో ఉప్పునీరు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువైతే వణుకు, మూర్ఛ కూడా రావచ్చు. అరచేతి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించలేనంత వేడి ఇసుక మీద నడిపించకండి. తిరిగి రాగానే మంచినీటితో కడిగి, చెవులు పొడిగా తుడవండి.

ఖాళీ చేసే ఉదయం వెంట్రుకలు ఊడ్చి, పెరట్లోని మలం ఎత్తి, ఏదైనా పాడైతే యజమాని అడగక ముందే చెప్పి దాని ఖర్చు చెల్లించండి.