625 మాత్ర: వాడే ముందు, వాడుతున్నప్పుడు, వాడిన తర్వాత

ఆగ్‌మెంటిన్, క్లావమ్, మాక్సికైండ్ సీవీ వంటి పేర్లతో అమ్ముడయ్యే 625 మాత్రలో రెండు మందులు ఉన్నాయి. ఒకటి 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, రెండవది 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ ఆమ్లం. మొదటిది పెన్సిలిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. అది బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడి దానిని చంపుతుంది. అయితే పెన్సిలిన్ వాడకం పెరిగిన కొద్దీ అనేక రకాల బాక్టీరియాలు దానిని విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసుకోవడం మొదలుపెట్టాయి. 1970 దశకంలో ఇంగ్లండులోని బీచమ్ సంస్థ శాస్త్రవేత్తలు స్ట్రెప్టోమైసెస్ క్లావులిజెరస్ అనే సూక్ష్మజీవి నుంచి క్లావులానిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. దీనికి స్వయంగా బాక్టీరియాను చంపే శక్తి చాలా తక్కువ. ముందు నడిచే మనిషి ముళ్ళు తొక్కి వెనుక వచ్చేవారికి దారి చేసినట్లు, ఇది ఆ ఎంజైముకు తానే అంటుకుపోయి దానిని పనిచేయనీయకుండా చేసి, అమాక్సిసిలిన్‌ను కాపాడుతుంది. ఈ జంట మందు 1981లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది.

ఈ సంగతి రోగి ఎందుకు తెలుసుకోవాలంటే, కడుపులో ఇబ్బంది, కాలేయానికి వచ్చే అరుదైన చిక్కు, తేమకు మాత్ర పాడవడం, రెండు చిన్న మాత్రలు ఒక పెద్ద మాత్రకు సమానం కాకపోవడం వంటి జాగ్రత్తల్లో చాలా భాగం ఆ 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ ఆమ్లం వల్ల పాటించవలసినవే. అవసరమైన చోట ఇది ప్రాణం నిలిపే మందు. అవసరం లేని చోట ఇబ్బందులు మాత్రమే మిగులుతాయి.

కాబట్టి మొదటి ప్రశ్న, ఈ మందు మనకు కావాలా అన్నది. పంటి మూలంలో చీము పట్టినప్పుడు, చెవిలో చీము చేరినప్పుడు, చర్మం ఎర్రబడి వాచి వేడెక్కినప్పుడు, కొన్ని రకాల న్యుమోనియాలో, మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో, కుక్క లేదా పిల్లి కరిచిన గాయాల్లో వైద్యులు దీనిని ఎంచుకుంటారు. కుక్క కాటు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. ఈ మాత్ర గాయంలో చేరిన బాక్టీరియాపై పనిచేస్తుందే తప్ప రేబిస్ వైరస్‌ను ఏమీ చేయలేదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. అలాగే పిప్పి పన్ను కింద చేరిన చీమును దంతవైద్యుడు బయటకు తీయకుండా ఎన్ని మాత్రలు మింగినా నొప్పి కొంత తగ్గి, మళ్ళీ తిరగబెడుతుంది.

జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వంటివి వైరస్‌ల వల్ల వచ్చేవి కనుక వాటికి ఈ మందు పనిచేయదు. గొంతు నొప్పుల్లోనూ ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. గుంటూరు మిర్చి యార్డులోనూ, చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లోనూ పనిచేసేవారికి మిర్చి ఘాటు వల్ల వచ్చే దగ్గు, తుమ్ములు ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల పొరలు రేగడం వల్ల కలిగేవి. వాటికి యాంటీబయాటిక్ వాడటం వల్ల ఉపయోగం లేదు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం, ఊపిరి ఆడకపోతే ఛాతీ వైద్యుడిని కలవడం అవసరం. రెండు వారాలకు మించిన దగ్గుకు యాంటీబయాటిక్ మార్చి మార్చి వాడటం కన్నా కఫం పరీక్ష చేయించుకోవడం ముఖ్యం. క్షయకు మందులు వేరే ఉన్నాయి, ఆలస్యమైన కొద్దీ ఇంట్లో మిగతావారికి కూడా అది సోకే ప్రమాదం పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పటి వంటి పరిస్థితుల్లో, మురుగునీటిలో తిరిగిన తర్వాత జ్వరం వస్తే అది ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. దాని తొలిదశలో వైద్యులు సాధారణంగా ఎంచుకునేది డాక్సీసైక్లిన్ అనే వేరే మందు. ఇంట్లో ఉన్న 625 మాత్ర వేసుకుని చూద్దామనుకుంటే అసలు జబ్బును గుర్తించడం ఆలస్యమవుతుంది.

ఈ మందు స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. వైద్యుడి చీటీ లేకుండా వాడకూడని మందు అని దాని అర్థం. ఆ గీతను గుర్తించండని కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రచారం చేస్తోంది. పక్కింటివారికి తగ్గిందనో, పోయినసారి మనకే పనిచేసిందనో షాపులో అడిగి కొనుక్కోవడం మానుకోవాలి. పోయినసారి వచ్చింది కూడా వైరస్ జ్వరమే అయితే, అది మాత్ర వేసుకోకపోయినా తగ్గి ఉండేది.

వైద్యుడు మందు రాసేటప్పుడు కొన్ని విషయాలు అడిగినా అడగకపోయినా రోగే చెప్పాలి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్ మందుల్లో ఏదైనా వాడినప్పుడు దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చిందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. "పెన్సిలిన్ పడదు" అని చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్నవారిలో చాలామందికి పరీక్షిస్తే అసలు అలర్జీ ఉండదు. అయినా ఆ నిర్ణయం వైద్యుడు చేయవలసిందే తప్ప మనం ఇంట్లో మాత్ర వేసుకుని తేల్చుకోవలసింది కాదు. ఇదివరకు ఇదే మందు వాడినప్పుడు కామెర్లు వచ్చి ఉంటే దీనిని మళ్ళీ జీవితంలో వాడకూడదు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి మోతాదు మార్చవలసి ఉంటుంది, 875, 125 మిల్లీగ్రాములు కలిసిన పెద్ద మాత్ర తీవ్రమైన మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి పనికిరాదు. గుండె కవాటం మార్పిడి చేయించుకుని వార్ఫరిన్ వాడేవారికి ఈ మందుతో రక్తం మరింత పలచబడే అవకాశం ఉంది కనుక, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మామూలుకన్నా ముందుగా చేయించుకోవాలి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు, యూరిక్ ఆమ్లానికి అల్లోప్యూరినాల్ వాడేవారు కూడా ఆ సంగతి చెప్పాలి. మొదటి మందు శరీరం నుంచి బయటకు పోవడం నెమ్మదించి విషతుల్యం కావచ్చు, రెండవ దానితో కలిసినప్పుడు చర్మంపై దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమ స్థితిని తప్పక తెలియజేయాలి.

ఇక మాత్ర వేసుకునే పద్ధతి. ఈ మందును పరగడుపున కాకుండా, భోజనం లేదా టిఫిను మొదలుపెట్టేటప్పుడే వేసుకోవాలి. అలా చేస్తే క్లావులానిక్ ఆమ్లం రక్తంలోకి బాగా చేరుతుంది, వికారం కూడా తగ్గుతుంది. తిన్న రెండు గంటల తర్వాత వేసుకుంటే ఈ లాభం పోతుంది. పాలు, పెరుగు, మజ్జిగ కొన్ని యాంటీబయాటిక్‌లను అడ్డుకుంటాయన్నది నిజమే గానీ ఈ మందుకు ఆ ఇబ్బంది లేదు. పెరుగన్నంతో నిశ్చింతగా వేసుకోవచ్చు.

రోజుకు రెండు అని రాస్తే 12 గంటలకు ఒకటి, మూడు అని రాస్తే 8 గంటలకు ఒకటి అని అర్థం చేసుకోవాలి. ఈ రెండు మందులూ రక్తంలో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర కన్నా ఎక్కువ పట్టదు. అందువల్ల ఉదయం తొమ్మిదికి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి వేసుకుని, రాత్రంతా వదిలేస్తే ఆ విరామంలో బాక్టీరియా మళ్ళీ పెరుగుతుంది. రంజాన్ ఉపవాసం ఉండేవారు సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా రోజుకు రెండుసార్ల మోతాదు ఇవ్వడం కుదురుతుందేమో వైద్యుడిని ముందే అడగాలి. మూడు మాత్రలను తామే రెండుగా కుదించుకోకూడదు. ఒక మోతాదు మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి దానికి సమయం దగ్గరపడితే మరచినది వదిలేయాలి. రెండూ కలిపి ఒకేసారి మింగడం తప్పు.

వైద్యుడు రాసిన మోతాదు షాపులో లేదని వేరే మోతాదు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. 375 మాత్రలో 250 అమాక్సిసిలిన్, 125 క్లావులానిక్ ఆమ్లం ఉంటాయి. అవి రెండు వేసుకుంటే అమాక్సిసిలిన్ 500కు సరిపోతుంది గానీ క్లావులానిక్ ఆమ్లం 250 అవుతుంది, అంటే కావలసిన దానికి రెట్టింపు. విరేచనాలు పట్టుకోవడానికి అది చాలు. కంపెనీ పేరు మారినా లోపలి రెండు మందుల మోతాదులూ చీటీలో ఉన్నట్లే ఉంటే ఫరవాలేదు. జన్ ఔషధి కేంద్రాల్లో దొరికే జనరిక్ మాత్ర కూడా అదే మందు, ధరలో ఎంతో తేడా ఉంటుంది.

పిల్లలకిచ్చే పొడి సిరప్ విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి కనుక దానిని వివరంగా చెప్పడం అవసరం. 5 మిల్లీలీటర్లకు 228.5 మిల్లీగ్రాములదీ, 457 మిల్లీగ్రాములదీ దొరుకుతాయి, రెండవది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. మోతాదు బిడ్డ బరువును బట్టి లెక్కకట్టేది కనుక, అన్నయ్యకు రాసిన సిరప్‌ను అదే కొలతలో చెల్లెలికి పోయకూడదు. సీసాను ముందుగా తట్టి అడుగున గట్టిపడిన పొడిని విడదీయాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీటిని, లేదా పెట్టెలో ఇచ్చిన శుద్ధి చేసిన నీటిని, గీతకు కాస్త కిందివరకు పోసి మూతపెట్టి బాగా కుదపాలి. నురగ తగ్గాక మళ్ళీ గీతవరకు నింపి ఇంకోసారి కుదపాలి. వేడినీళ్ళు పోస్తే మందు దెబ్బతింటుంది. కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. ఫ్రిజ్‌లోనే, అయితే డీప్ ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో పెట్టి, లేబుల్ మీద చెప్పిన గడువు వరకే, సాధారణంగా ఏడు రోజులు, వాడాలి. తర్వాత మిగిలినదంతా పారబోయాలి. ప్రతిసారీ ఇచ్చే ముందు కుదపకపోతే మొదటి రోజుల్లో పలచటి నీళ్ళు, చివరి రోజుల్లో చిక్కటి మందు బిడ్డ నోట్లోకి వెళతాయి. కొలతకు వంటింటి చెంచా వద్దు, పెట్టెలో వచ్చిన మూత లేదా సిరంజి వాడండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఆ మాట వైద్యుడికి మొహమాటం లేకుండా చెప్పాలి. నీటిలో కరిగే మాత్రల రూపంలోనూ ఈ మందు దొరుకుతుంది.

మాత్రలను భద్రపరచడంలో మన ప్రాంతపు వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. మే నెల ఎండలు, ఆ తర్వాత జూన్, జూలైల ఉక్క రెండూ క్లావులానిక్ ఆమ్లానికి పడవు, అది గాలిలోని తేమను తేలికగా పీల్చుకుని చెడిపోతుంది. అందుకే ఈ మాత్రలను అల్యూమినియం స్ట్రిప్‌లో మూసి ఇస్తారు. వారానికి సరిపడా మాత్రలన్నీ ముందే విప్పి డబ్బాలో పోసుకోవద్దు, వేసుకునే వేళకే చింపండి. స్కూటర్ డిక్కీలో, టీవీ మీద, పొయ్యి గట్టు పక్కన ఉంచకండి. రంగు మారి గోధుమరంగు మచ్చలు పడిన మాత్రను మింగవద్దు. షాపువారు స్ట్రిప్ కత్తిరించి ఇచ్చినప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క వారి దగ్గరే ఉండిపోతుంది కనుక దానిని అడిగి చూసుకోండి.

మందు మొదలుపెట్టాక చాలామందికి విరేచనాలు కొద్దిగా పలచబడతాయి. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ తీసుకుంటూ ఉంటే అది సర్దుకుంటుంది. విరేచనాలు నీళ్ళలా ఎక్కువసార్లు అవుతున్నా, రక్తం లేదా జిగట పడుతున్నా, కడుపులో మెలిపెట్టే నొప్పితో జ్వరం వచ్చినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా నశించినప్పుడు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే హానికర బాక్టీరియా చెలరేగి ఈ లక్షణాలు తెస్తుంది. మందు ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా ఇది రావచ్చు. అటువంటప్పుడు విరేచనాలు కట్టే మాత్రలు సొంతంగా వేసుకోవడం ప్రమాదకరం. నోట్లో తెల్లటి పూత, స్త్రీలకు జననాంగంలో దురద ఫంగస్ వల్ల వస్తాయి, వాటికి చికిత్స తేలిక.

వేసుకున్న కొద్ది నిమిషాల్లోనో గంటలోనో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు, నాలుక వాచి, గొంతు పట్టేసినట్లై, కళ్ళు తిరిగితే అది తీవ్రమైన అలర్జీ. 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం పనికిరాదు. రోగిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి, ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టవచ్చు. చర్మం బొబ్బలెక్కి ఊడుతున్నా, నోట్లో, కళ్ళలో పుండ్లు పడినా మందు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇలా ఒకసారి జరిగితే మందు పేరు ఒక కాగితంపై రాసి ఆధార్ కార్డుతో పాటు దగ్గర ఉంచుకోవడం మంచిది, స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేరినా వైద్యులకు తెలుస్తుంది.

రెండు మూడు రోజులు వాడినా జ్వరం, వాపు, నొప్పి ఏమాత్రం తగ్గకపోతే మోతాదు పెంచుకోకుండా వైద్యుడి దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. చీమును గానీ మూత్రాన్ని గానీ కల్చర్ పరీక్షకు పంపితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. త్వరగా తగ్గిపోతే కూడా చెప్పిన రోజులకన్నా ముందే ఆపాలా వద్దా అన్నది వైద్యుడినే అడగాలి. మిగిలిన మాత్రలను తర్వాత పనికొస్తాయని దాచుకోవడం, చుట్టాలకివ్వడం వద్దు.

చివరిగా కాలేయం. అరుదుగా ఈ మందు వల్ల పిత్తరసం నిలిచిపోయి కామెర్లు వస్తాయి. పెద్ద వయసువారిలో, మగవారిలో, రెండు వారాలకు మించి వాడినవారిలో ఈ ప్రమాదం కొంచెం ఎక్కువ. చిక్కేమిటంటే ఇది కోర్సు పూర్తయి, అందరూ మాత్ర సంగతి మరచిపోయాక, కొన్ని వారాల తర్వాత కూడా బయటపడుతుంది. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్ళంతా దురద, మలం తెల్లబడటం దీని గుర్తులు. మన పల్లెల్లో కామెర్లనగానే పసరు మందుకు తీసుకువెళతారు. దయచేసి అలా చేయకండి. ఎక్కువమందికి ఈ కామెర్లు మందు ఆపాక క్రమంగా తగ్గుతాయి, కానీ కొద్దిమందికి కాలేయం తీవ్రంగా దెబ్బతింటుంది, తెలియని ఆకుల రసం ఆ భారాన్ని పెంచవచ్చు. కాలేయ పనితీరు పరీక్ష చేయించి, గత రెండు నెలల్లో ఈ యాంటీబయాటిక్ వాడిన విషయం వైద్యుడికి ముందుగా చెప్పి, పాత మందుల చీటీని, ఉంటే ఖాళీ స్ట్రిప్‌ను కూడా ఆయన చేతికివ్వండి.