కెర్నెల్ డేటాను రీడ్-ఓన్లీ సెక్షన్‌లోకి మార్చే ముందు

లినక్స్ కెర్నెల్‌లో ఒక వేరియబుల్‌ను రీడ్-ఓన్లీ చేయడానికి చాలాసార్లు ఒక్క పదం చేరిస్తే సరిపోతుంది. ఆ పదం చేర్చే ముందే ఒకటి తేల్చుకోవాలి: ఇందులోకి ఆఖరిసారి రాసేది ఎవరు, ఎప్పుడు?

ఎవరూ రాయకపోతే 'కాన్స్ట్' చాలు, కంపైలరే దాన్ని రోడేటా అనే రీడ్-ఓన్లీ సెక్షన్‌లో పెడుతుంది. బూట్‌లో ఒకసారి నింపి ఆపైన ముట్టుకోకపోతే 'ఆర్‌ఓ ఆఫ్టర్ ఇనిట్' (ఇనిట్ దశ ముగిశాక రీడ్-ఓన్లీ) గుర్తు పెట్టాలి. ఇది 2016లో 4.6 వెర్షన్‌తో వచ్చింది. 'రీడ్ మోస్ట్‌లీ'ని చూసి మోసపోవద్దు. అది కాష్ పనితీరు కోసం పెట్టిన గుర్తు, ఆ పేజీల్లోకి ఎవరైనా రాయవచ్చు. 'ఇనిట్‌డేటా' కూడా రక్షణ ఇవ్వదు. బూట్ అయ్యాక ఆ మెమరీనే విడిచేస్తారు. కాన్స్ట్ ఉన్నదానికి ఇనిట్‌డేటా తగిలిస్తే 'సెక్షన్ టైప్ కాన్‌ఫ్లిక్ట్' అని కంపైలర్ ఆగిపోవచ్చు, అక్కడ వాడాల్సింది 'ఇనిట్‌కాన్స్ట్'.

పేర్ల పట్టికల్లో తరచూ జరిగే పొరపాటు: నక్షత్రం గుర్తుకు (*) ముందు మాత్రమే కాన్స్ట్ రాస్తే అక్షరాలు భద్రం, పాయింటర్ల అర్రే మాత్రం రాయదగినదిగానే ఉంటుంది. నక్షత్రం తర్వాత కూడా కాన్స్ట్ ఉండాలి. అలాగే పాయింటర్‌ను కాపాడినంత మాత్రాన అది చూపించే కేమాలోక్ మెమరీకి (కెర్నెల్ నడుస్తుండగా కేటాయించుకునేది) రక్షణ రాదు.

అసలు ప్రమాదం ఆలస్యంగా రాసేవాళ్లతో. ఇనిట్ మెమరీని విడిపించాక, మొదటి యూజర్ ప్రాసెస్ మొదలవకముందే కెర్నెల్ ఈ పేజీలకు తాళం వేస్తుంది, అంటే ఇక వాటిలోకి రాయనివ్వదు. ఆ తర్వాత నడిచే దారులన్నీ వెతకాలి: సీపీయూ హాట్‌ప్లగ్ (నడుస్తుండగానే సీపీయూను చేర్చడం, తీసేయడం) కాల్‌బ్యాక్‌లు, సస్పెండ్ నుంచి లేచే కోడ్, వాయిదా పడి తర్వాత నడిచే ప్రోబ్‌లు (డ్రైవర్ తన పరికరాన్ని సిద్ధం చేసే ఫంక్షన్లు), ఎర్రర్ దారులు. ఈ గుర్తు పెట్టిన మాడ్యూల్ పారామీటర్‌కు 0644 (రాయడానికీ వీలున్న) అనుమతి ఉంటే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కెర్నెల్ విలువలను ఫైళ్లుగా చూపే చోట, ఎవరో విలువ మార్చిన క్షణాన కెర్నెల్ ఊప్స్ (లోపం నివేదిక) ఇస్తుంది. దాన్ని 0444 (చదవడానికి మాత్రమే) చేయండి. మాడ్యూల్ లోపలి ఆర్‌ఓ ఆఫ్టర్ ఇనిట్ డేటాకు తాళం పడేది ఆ మాడ్యూల్ ఇనిట్ ఫంక్షన్ విజయవంతంగా ముగిశాకే.

కోడ్‌లో మీ వేరియబుల్ పేరు వెతికితే దొరకని రాతలు ఇంకా కష్టం. లిస్ట్ నోడ్‌కు గుర్తు పెట్టారనుకోండి. మీరు దాన్ని తాకకపోయినా, పక్కన కొత్త నోడ్ చేరినప్పుడు మీ నోడ్‌లోని లింకే మారాలి. నోటిఫయర్ బ్లాక్‌లోనూ (ఏదైనా జరిగినప్పుడు పిలవమని గొలుసులో నమోదు చేసే స్ట్రక్చర్) అంతే: తర్వాత రిజిస్టరైన మరొకటి మీ వెనక చేరితే మీ 'నెక్స్ట్'లోకి రాత పడుతుంది. లాక్, రెఫరెన్స్ కౌంట్ ఉన్న స్ట్రక్చర్‌ను మొత్తంగా గుర్తు కిందకు తేకూడదు. మారని ఫంక్షన్ పాయింటర్లను ఒక కాన్స్ట్ స్ట్రక్చర్‌గా, మారే స్థితిని మరొకటిగా విడదీయండి. ఈ విషయంలో బద్ధకిస్తే తర్వాత అతుకులే మిగులుతాయి.

కాస్ట్‌తో కాన్స్ట్‌ను తీసేసి రాయడం అసలే వద్దు. కంపైలర్ పాత విలువను కోడ్‌లోనే పొదిగేసి ఉండవచ్చు, రాత సాగినా చదివేది పాతదే. తాళం పడ్డాక 'సెట్ మెమరీ ఆర్‌డబ్ల్యూ'తో పేజీ తెరిస్తే దానిలోని పొరుగు డేటా కూడా అన్ని సీపీయూలకూ తెరుచుకుంటుంది. అలా తెరవాల్సి వస్తోందంటే ఆ వేరియబుల్‌కు అక్కడ చోటు లేదన్నమాటే.

పరీక్షకు ముందు కాన్ఫిగ్‌లో ఈ రక్షణను అమలు చేసే 'స్ట్రిక్ట్ కెర్నెల్ ఆర్‌డబ్ల్యూఎక్స్', మాడ్యూళ్లకు 'స్ట్రిక్ట్ మాడ్యూల్ ఆర్‌డబ్ల్యూఎక్స్' ఆన్‌లో ఉన్నాయో చూడండి. బూట్ లైన్‌లో రక్షణను ఆపేసే 'రోడేటా=ఆఫ్' మిగిలిపోతే పరీక్ష అంతా దండగ. సింబల్ ఎక్కడ పడిందో చూడటానికి ఎన్‌ఎమ్ (సింబల్ జాబితా చూపే టూల్) చూపే అక్షరాన్ని నమ్మకండి. దాని చిరునామా 'స్టార్ట్ రోడేటా', 'ఎండ్ రోడేటా' మధ్య ఉందో లేదో పోల్చండి. తర్వాత వర్చువల్ మెషీన్‌లో ఎల్‌కేడీటీఎమ్‌తో (కావాలని కెర్నెల్‌ను క్రాష్ చేసి చూసే పరీక్ష మాడ్యూల్) 'రైట్ ఆర్‌ఓ', 'రైట్ ఆర్‌ఓ ఆఫ్టర్ ఇనిట్' నడపండి. ఊప్స్ వస్తే రక్షణ పనిచేస్తున్నట్టు, 'సర్వైవ్డ్ బ్యాడ్ రైట్' అని వస్తే లేనట్టు. ఎక్స్86లో ఎర్రర్ కోడ్ 3 కనిపిస్తే పేజీ ఉంది, రాసే అనుమతి లేదని అర్థం. హాట్‌ప్లగ్, సస్పెండ్, మాడ్యూల్ లోడ్-అన్‌లోడ్ కూడా అదే మెషీన్‌లో కొన్నిసార్లు తిప్పాకే ప్యాచ్ పంపండి.