కాకి కుండలో ఎన్ని నీళ్లుంటే కథ నిజమవుతుంది?

కుండ అడుగున కాసిన్ని నీళ్లు, పక్కన గులకరాళ్లు, దూపతో కాకి. ఈ కథ చదవని బడి పిల్లలు ఉండరు. అయితే ‘కాసిన్ని’ అంటే ఎన్ని? కథ చెప్పదు. నీళ్లు మరీ తక్కువుంటే కుండ నిండా రాళ్లు వేసినా కాకి ముక్కు తడవదు, ఉన్న నీళ్లన్నీ రాళ్ల సందుల్లోనే ఇరుక్కుంటాయి. ఆ హద్దు ఎక్కడుందో కొలిచి పట్టుకోవడమే ఈ ప్రాజెక్టు. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ఎవరైనా చేయొచ్చు. ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది.

ముందుగా డబ్బా. లీటరుకు కొంచెం పైన పట్టే, గోడలు నిలువుగా ఉన్న, లోపల కనపడే గట్టి ప్లాస్టిక్ డబ్బా కావాలి. నీళ్ల సీసా మెడ కోసి వాడితే దాని పల్చటి గోడ కంకర బరువుకు ఉబ్బి గీతలన్నీ తప్పుతాయి. గాజుది అసలే వద్దు, మొదటి రాయికే పగలొచ్చు. 12 ఎంఎం కంకర రెండు కిలోలు తీసుకోండి. వరంగల్, హనుమకొండల్లో ఇల్లు కట్టే చోట మేస్త్రీని అడిగితే సంచిలో పోసి ఇస్తాడు. మన దగ్గర దొరికేది గ్రానైట్ కంకర, నీళ్లు పెద్దగా పీల్చదు. ఓరుగల్లు పేరులోనే కల్లు, అంటే రాయి, ఉంది కదా! ఇటుక ముక్కలు, మొరం మాత్రం వాడొద్దు. అవి నీళ్లు తాగేసి లెక్క చెడగొడతాయి. వీటికి తోడు మెడికల్ షాపులో 50 ఎం.ఎల్. సిరంజి ఒకటి, సూది లేకుండా కొనండి. ఒక మార్కర్, ఒక పాత తువ్వాలు.

కంకరను బకెట్లో నాలుగైదు సార్లు కడగాలి. దుమ్ము ఉంటే నీళ్లు పాలలా తెల్లబడి మట్టం కనపడదు. కడిగాక తువ్వాలులో వేసి ఒత్తండి. రాళ్లకు అంటుకుని ఉండే తడి తక్కువే అనిపిస్తుంది కానీ, రెండు కిలోల మీద లెక్క మార్చేంత ఉంటుంది.

డబ్బా మీద గీతలు స్కేలుతో పెట్టొద్దు. అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి కింది గీత తప్పుతుంది. సిరంజితో రెండు సార్లు, అంటే 100 ఎం.ఎల్. పోసి, కన్ను నీటి మట్టానికి సమంగా దించి గీత గీయాలి. గోడ దగ్గర నీళ్లు కొంచెం పైకి పాకుతాయి, వాటిని కాక నడిమి మట్టాన్ని చూడాలి. ఇట్లా 1000 దాకా. ఆ 1000 గీతే మన కుండ అంచు అనుకోండి.

ఇప్పుడు పిల్లల చేత అంచనా రాయించండి. 200, 300, 400, 500 ఎం.ఎల్.లలో ఎన్నింటితో నీళ్లు అంచుకు వస్తాయి? ఇది రాయకముందే రాళ్లు వేస్తే ప్రాజెక్టులో సగం పోయినట్టే.

300 పోసి మొదలుపెట్టండి. డబ్బాను వంచి రాళ్లను గోడ మీదుగా జార్చాలి, పైనుంచి వేస్తే నీళ్లు చిందుతాయి. మట్టం చకచకా లేస్తుంది, పిల్లలు కాకి గెలిచిందనుకుంటారు. 700 గీత దగ్గరికి వచ్చేసరికి ఆట ఆగుతుంది. తడిసి మెరిసే రాళ్ల మీద కొత్త రాయి పొడిగా కూర్చుంటుంది. ఇంకో గుప్పెడు వేసినా గీత కదలదు. 200తో అయితే ఇదే 500 కంటే కొంచెం కిందనే జరుగుతుంది. 500తో మాత్రం రాళ్లు మునిగే ఉంటాయి, నీళ్లు అంచు దాటతాయి. తగువంతా 400 దగ్గరే. ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. డబ్బాను నేల మీద మెల్లగా తట్టి చూడండి: రాళ్లు సర్దుకుంటాయి, సందులు తగ్గుతాయి, నీళ్లు కాస్త పైకొస్తాయి.

అసలు అంకె పట్టడానికి పని తిరగేయాలి. ఖాళీ డబ్బాలో 1000 గీత దాకా కంకర నింపి, సిరంజితో లెక్కపెడుతూ నీళ్లు పోయండి. దాదాపు 400 నుంచి 450 ఎం.ఎల్. పడతాయి. అంటే రాళ్లు నిండిన డబ్బాలో ఐదింట రెండు వంతుల పైన ఖాళీనే. కాకి కుండలో నీళ్లు అంతకన్నా తక్కువుంటే అంచు దాకా రావు. మీకు 420 వచ్చిందనుకోండి, అంటే 1000లో 0.42 వంతు ఖాళీ. 300ను 0.42తో భాగిస్తే 714 వస్తుంది. ఇందాక మట్టం ఆగిన చోటు అదే. ఐదో తరగతి దాటినవాళ్లు ఈ భాగహారం తామే చేయాలి.

చిన్న రాళ్లు వేస్తే సందులు తగ్గవా? అందరు పిల్లలూ అడిగేది ఇదే, పెద్దలూ ‘అవును’ అనేస్తారు. తప్పు. గోటీలతో చేసినా, ఒక్క ఇసుకతో చేసినా ఖాళీ దాదాపు నూటికి 40 వంతుల దగ్గరే ఉంటుంది. రాయి చిన్నదైతే సందూ చిన్నదవుతుంది కానీ సందుల లెక్క పెరుగుతుంది. పెద్ద రాయితో కాకికి తగ్గేది ఎగిరే శ్రమే. 2009లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కాకి జాతికే చెందిన రూక్ పక్షుల ముందు నీళ్ల గొట్టంలో పురుగును తేలేసి పెడితే, అవి రాళ్లు వేసి పురుగును అందుకున్నాయి. చిన్న రాళ్ల కన్నా పెద్దవాటినే ఏరుకున్నాయి కూడా.

సందులు తగ్గేది పెద్దవీ చిన్నవీ కలిపినప్పుడే. గుప్పెడు కంకర, గుప్పెడు జల్లించిన పొడి ఇసుక, తట్టుకుంటూ 1000 దాకా నింపి, గోడ వెంట నిదానంగా నీళ్లు పోయండి. తొందరపడితే గాలి లోపలే చిక్కి అంకె తగ్గుతుంది. ఈసారి 200–250 దగ్గరే నిండిపోతుంది. మేస్త్రీ 1:2:4 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపేది ఈ లెక్క మీదే. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు.

రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలతాయని విన్న పిల్లలు, కాకికి ఆ ఇటుక దొరికితే ఎట్లా అని అడగొచ్చు. చెక్క ముక్కతో చేసి చూపించండి. మునిగిన రాయి తన సైజంత నీటిని నెడితే, తేలే వస్తువు తన బరువుకు సరిపడా నీటినే నెడుతుంది. కాబట్టి అదే సైజు రాయి కంటే మట్టం తక్కువ లేస్తుంది.

పనయ్యాక ఇసుక నీళ్లను సింకులో పోయొద్దు, పైపు పూడుకుపోతుంది. చెట్ల మొదట్లో పోసేయండి.