లేని మనిషిని గ్రూప్ ఫొటోలో నిలబెట్టడం ఎలా

ఎడిటింగ్ నేర్చుకుంటామని మా తెనాలి స్టూడియోకి వచ్చే పిల్లలు మొదట అడిగేది కటింగ్ గురించే. జుట్టు చుట్టూ నీట్‌గా ఎలా కత్తిరించాలి, పెన్ టూల్ ఎలా పట్టాలి అని. కటింగ్ చేతికి అలవాటైతే వచ్చేస్తుంది. రెండు ఫొటోలు కలిపినప్పుడు దొంగతనం బయటపడేది అంచుల దగ్గర కాదు, వెలుతురు దగ్గర. నాన్నగారి ముఖం మీద కుడివైపు నుంచి ఎండ పడుతూ, పక్కనున్న పెళ్లికూతురి మీద ఎడమవైపు నుంచి లైటు పడుతుంటే, వెంట్రుక వెంట్రుకా కత్తిరించినా చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. ఏం తేడానో వాళ్లు చెప్పలేరు, అంతే.

మా దగ్గరికి తరచూ వచ్చే పనినే ఉదాహరణగా తీసుకుంటాను. కూతురి పెళ్లి గ్రూప్ ఫొటో ఉంది. ఫంక్షన్ హాల్లో రాత్రిపూట తీసింది. నాన్న అంతకుముందే పోయారు. ఆయన ఫొటో గృహప్రవేశం నాడు ఇంటి ముందు పందిట్లో తీసింది. ఆయన్ని తెచ్చి కూతురి వెనక నిలబెట్టాలి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. నేను ఇక్కడ జింప్ పేర్లు చెబుతాను, ఎందుకంటే అది ఉచితం, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. ఫోటోషాప్ ఉంటే అదే వాడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని వాళ్లు బ్రౌజర్‌లో ఫోటోపీ తెరిస్తే చాలు, దాని మెనూలు అచ్చం ఫోటోషాప్‌లాగే ఉంటాయి.

ముందు ఫొటో ఎంచుకోవాలి

ఇంట్లోవాళ్లు ఒకే ఫొటో తెస్తారు, అదీ దండ వేసి గోడకు తగిలించింది. "ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడగండి. బీరువాలో పాత ఆల్బమ్ ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో మూడు విషయాలు చూసి ఎంచుకోవాలి.

మొదటిది, ముక్కు నీడ. ముక్కుకు ఏ పక్కన నీడ పడింది, గడ్డం కింద ఎంత నల్లగా ఉంది అని రెండు ఫొటోల్లోనూ చూడండి. ఒకే వైపు ఉంటే సగం పని అయిపోయినట్టే. ఎదురు వైపుల్లో ఉంటే ఫొటోను అద్దంలో బొమ్మలా అడ్డంగా తిప్పేయొచ్చని అందరికీ తడుతుంది. తిప్పొచ్చు, కానీ మనిషి మారిపోతాడు. చొక్కా జేబు కుడివైపుకు వస్తుంది. పాపిడి పక్క మారుతుంది, బుగ్గ మీద పుట్టుమచ్చ అటునుంచి ఇటు వస్తుంది. ఆడవాళ్ల ఫొటో అయితే పైట కుడి భుజం మీదికి పోతుంది, ముక్కుపుడక కూడా పక్క మారుతుంది. మీరు గమనించరు గానీ ఆయన భార్య మొదటి చూపులోనే పట్టేస్తుంది. నన్నడిగితే, తిప్పేకన్నా వేరే ఫొటో వెతకడం మేలు.

రెండోది, కెమెరా ఎత్తు. కింద కూర్చుని పైకి తీసిన ఫొటోలో మనిషిని తెచ్చి, ఎదురుగా నిలబడి తీసిన గ్రూపులో పెడితే ఆయనొక్కడే ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. దీన్ని ఏ టూలూ సరిచేయలేదు.

మూడోది, ముఖం ఎన్ని పిక్సెళ్లు ఉంది అన్నది. గ్రూప్ ఫొటోలో పక్కవాళ్ల ముఖం చెవి నుంచి చెవికి 400 పిక్సెళ్లు ఉండి, నాన్నగారిది 150 ఉంటే లాగి పెంచాలి, మసకబారుతుంది. పెద్దదాన్ని తగ్గించడం ఎప్పుడూ తేలిక. అందుకే పాత ప్రింటును ఫోన్‌తో ఫొటో తీయకుండా ఫ్రేములోంచి బయటికి తీసి స్కాన్ చేయండి. నాలుగుకు ఆరు అంగుళాల ప్రింటును 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 2400కు 3600 పిక్సెళ్లు వస్తాయి, సరిపోతుంది. పెళ్లి ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

చెరపడం వద్దు, దాచండి

జింప్‌లో ముందు పెళ్లి ఫొటో తెరిచి, తర్వాత ఫైల్ మెనూలో 'ఓపెన్ యాజ్ లేయర్స్' నొక్కి నాన్నగారి ఫొటో తెరవండి. రెండూ అద్దం పలకల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. లేయర్లకు వెంటనే పేర్లు పెట్టండి. ఫైల్‌ను ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేయండి, జేపెగ్‌గా కాదు. లేయర్లను విడివిడిగానే దాచే జింప్ సొంత ఫార్మాట్ అది. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఒకసారి అతికిస్తే అతికినట్టే, వెనక్కి తీసే దారి ఉండేది కాదు. ఇప్పుడా ఖర్మ మనకెందుకు?

ఎరేజర్ ముట్టుకోకండి. దాని బదులు లేయర్ మాస్క్ వాడాలి. మాస్క్ మీద నలుపు పూస్తే అక్కడ ఫొటో దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగి కనిపిస్తుంది, బూడిదరంగు సగం చూపిస్తుంది. ఏదీ పోదు. చెవి ఎక్కువ కత్తిరించాననిపిస్తే తెల్ల బ్రష్‌తో మళ్లీ తెచ్చుకోవచ్చు. ఎక్స్ నొక్కితే నలుపూ తెలుపూ తారుమారవుతాయి, కాబట్టి ఎడమచెయ్యి ఆ కీ మీదే ఉంచండి. ఒక్క జాగ్రత్త: లేయర్ల జాబితాలో మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేశాకే బ్రష్ పట్టండి. లేదంటే నల్లరంగు నేరుగా నాన్నగారి చొక్కా మీద పడుతుంది.

భుజాలు, చొక్కా, చెంపల చుట్టూ పాత్ టూల్‌తో చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి, చుట్టూ పూర్తయ్యాక ఎంటర్ కొడితే అది సెలెక్షన్, అంటే ఎంచుకున్న భాగం, అవుతుంది. దాన్ని ఒక పిక్సెల్ లోపలికి కుదించండి, తర్వాత ఒక పిక్సెల్ ఫెదర్ ఇవ్వండి, అంటే అంచును మెత్తబరచండి. ఈ కుదింపు చేయకపోతే పందిరి కొబ్బరాకుల పచ్చదనం భుజం చుట్టూ సన్నటి గీతలాగా మిగిలిపోతుంది. సెలెక్షన్ ఉండగానే 'యాడ్ లేయర్ మాస్క్'లో 'సెలెక్షన్' ఎంచుకుంటే మాస్క్ తయారు. జుట్టు మాత్రం పాత్‌తో చేయకండి, విగ్గు పెట్టినట్టు వస్తుంది. అక్కడ మెత్తటి అంచున్న చిన్న బ్రష్‌తో, జుట్టు ఎటు దువ్వి ఉంటే అటే చిన్నచిన్న గీతలు గీయండి.

ఎక్కడ నిలబెట్టాలి

కొత్తవాళ్లు మనిషిని తెచ్చి గ్రూపు చివర ఖాళీగా ఉన్నచోట పెట్టేస్తారు. అది అన్నిటికన్నా కష్టమైన చోటు. అక్కడ కాళ్లు కనిపించాలి, నేల మీద నీడ గీయాలి. పైగా హాల్లో గ్రూప్ ఫొటోలు వైడ్ లెన్సుతో తీస్తారు కాబట్టి చివర నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగి ఉంటారు. మన మనిషి మాత్రం సన్నగా నిలబడతాడు. అలా కాకుండా రెండో వరసలో, కూతురికీ మేనమామకీ మధ్యన పెట్టండి. మాస్క్ మీద నల్ల బ్రష్‌తో కూతురి భుజం దగ్గర పూస్తే ఆమె ముందుకొచ్చి ఆయన వెనక్కి వెళతారు. నడుం కిందిభాగం అసలు అక్కర్లేదు.

సైజు విషయంలో అదే వరసలో ఉన్నవాళ్లతోనే పోల్చాలి, ముందు కూర్చున్నవాళ్లతో కాదు. గడ్డం నుంచి నుదుటి పైదాకా కొలవండి. ఇంకో కొండగుర్తు: కెమెరా నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉండి, అందరూ ఒకే నేల మీద ఉంటే, ఆ ఎత్తున్నవాళ్ల కళ్లన్నీ దగ్గరున్నా దూరమున్నా దాదాపు ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. పైన రూలర్ నుంచి ఒక గైడ్ గీత లాగి చూసుకోండి. స్టేజీ మెట్టు ఎక్కి నిలబడ్డవాళ్లకు ఈ లెక్క పనిచేయదు. నాన్నగారు నిజంగా మేనమామ కన్నా పొట్టి అయితే పొట్టిగానే ఉంచండి, అందంగా ఉంటుందని సాగదీయకండి.

వెలుతురు, రంగు

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి. రెండింటినీ ఒకేసారి సరిచేయబోతే కళ్లు మోసపోతాయి, కాబట్టి ముందు రంగు తీసేసి చూడండి. అన్నిటికన్నా పైన కొత్త లేయర్ ఒకటి తీసుకుని బూడిదరంగు నింపి, దాని మోడ్‌ను (కింది లేయర్లతో కలిసే తీరును) 'ఎల్‌సీహెచ్ కలర్'కి మార్చండి. ఫోటోషాప్‌లో అయితే మోడ్ పేరు 'కలర్'. ఫొటో మొత్తం బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది. ఇప్పుడు నాన్నగారి లేయర్‌కు లెవెల్స్ (నలుపు తెలుపుల హద్దులు జరిపే టూల్) తెరిచి ఆయన జుట్టులోని నలుపు పక్కవాళ్ల జుట్టు నలుపుకు, ఆయన నుదుటి మెరుపు వాళ్ల నుదుటి మెరుపుకు దగ్గరయ్యేలా జరపండి. ఎండలో తీసిన ఫొటోలో నలుపుకూ తెలుపుకూ తేడా మరీ ఎక్కువ ఉంటుంది, దాన్ని తగ్గించాల్సి వస్తుంది.

అది కుదిరాక బూడిద లేయర్‌ను దాచేసి రంగులోకి రండి. రెండు ఫొటోల్లోనూ తెల్లబట్ట ఉంటే మన పంట పండినట్టే. కలర్ పికర్‌తో మేనమామ తెల్లచొక్కా మీద క్లిక్ చేస్తే ఎరుపు 235, ఆకుపచ్చ 222, నీలం 198 అని వచ్చిందనుకోండి. కంటికి తెల్లగా కనిపించినా అది హాలు లైట్లకు పసుపెక్కి ఉంది. అదే పందిట్లో నాన్నగారి తెల్లచొక్కా 228, 232, 240 అంటుంది, అంటే నీలిగా ఉంది. కర్వ్స్‌లో (గీతను వంచి ఒక్కో రంగునూ పెంచే, తగ్గించే టూల్) నీలం చానెల్‌ను బాగా కిందికి, ఆకుపచ్చను కొద్దిగా కిందికి, ఎరుపును కాస్త పైకి లాగుతూ మొదటి అంకెల దగ్గరికి తేవాలి. అచ్చుగుద్దినట్టు రానక్కర్లేదు. చొక్కా సరిపోతే ముఖం దానంతట అదే హాల్లోకి వస్తుంది.

పాత ఫొటో బ్లాక్ అండ్ వైట్‌ది అయితే నా సలహా ఒక్కటే: పెళ్లి ఫొటోను కూడా బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. ముఖానికి రంగు వేయడం మొదటిసారి చేసేవాళ్ల పని కాదు.

ఆ తర్వాత నీడ. నాన్నగారి లేయర్ మీద కొత్త లేయర్, మోడ్ మల్టిప్లై, అంటే కిందిదాన్ని ముదురు చేసేది. మెత్తటి బ్రష్ పట్టి, ఒపాసిటీ (రంగు ఎంత గాఢంగా పడాలన్నది) 15 శాతం దగ్గర పెట్టి, కూతురి తల ఆయన చొక్కాను తాకేచోట ముదురు గోధుమరంగు రెండు మూడుసార్లు తేలిగ్గా రాయండి. నల్లరంగు వాడితే మసి అంటినట్టుంటుంది. ఇది లేకపోతే ఆయన వెనక అట్టబొమ్మలా ఉంటారు. చివరగా ఫొటోను 100 శాతం జూమ్‌లో పెట్టి రేణువు చూడండి. పాత ప్రింటులో గరుకుదనం ఉంటుంది, డిజిటల్ ఫొటో నున్నగా ఉంటుంది. ముఖాన్ని నున్నగా తుడిచేయకుండా, ఫైల్ మొత్తానికి కొంచెం నాయిస్ (సన్నటి గరుకు చుక్కలు) కలిపితే రెండూ సర్దుకుంటాయి.

ఇదంతా ఏఐ ఒక్క నిమిషంలో చేస్తుంది కదా అంటారు. చేస్తుంది. వెనకున్న గోడ పొడిగించడానికి, పందిరి గుంజ తీసేయడానికి నేనూ వాడతాను. ముఖం మాత్రం దాని చేతిలో పెట్టను. కళ్లు కొంచెం పెద్దవి చేస్తుంది, పళ్లు వరసగా పెడుతుంది. బాగుంటుంది, కానీ ఆయన కాదు. అలాగే రేపు ఎవరైనా వచ్చి ఫ్లెక్సీ కోసం "ఎమ్మెల్యే గారి పక్కన నన్ను నిలబెట్టండి" అంటే అదే పద్ధతి పనిచేస్తుంది. నేనైతే ఆ పని ఒప్పుకోను.

ప్రింటుకి ఇచ్చేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో, జేపెగ్ క్వాలిటీ 95 దగ్గర ఎక్స్‌పోర్ట్ చేయండి. పన్నెండుకు పద్దెనిమిది అంగుళాల ఫ్రేముకు 300 డీపీఐ లెక్కన 3600కు 5400 పిక్సెళ్లు కావాలి. పెద్దది వేయించే ముందు చిన్న ప్రింటు ఒకటి తీసి ఇంట్లోవాళ్లకు చూపించండి, మానిటర్ మీద కనబడని పసుపు కాగితం మీద కనబడుతుంది. ఎక్స్‌సీఎఫ్ ఫైల్ డిలీట్ చేయకండి. ఫ్రేము కట్టించుకుని వెళ్లినవాళ్లు కూడా పది రోజులకు వచ్చి, "ఏమండీ, నాన్నగారికి కండువా ఒకటి వేస్తారా?" అని అడుగుతారు.